ఇండెక్స్ పెట్టాక కూడా క్వెరీ ఎందుకు నత్తనడక నడుస్తోంది?

రాత్రిడ్యూటీ:
డేటాబేస్‌గా మైఎస్‌క్యూఎల్ 8.0 వాడుతున్నాం. ఆర్డర్ల టేబుల్‌లో 40 లక్షల దాకా రికార్డులు, ఆర్డర్_టైమ్ మీద ఇండెక్స్ (విలువల్ని వరసలో పెట్టి త్వరగా వెతికే జాబితా) నేనే పెట్టాను. దసరా నాటి లెక్క కోసం వేర్ షరతులో డేట్(ఆర్డర్_టైమ్) = '2024-10-12' అని, అంటే టైమ్ వదిలేసి తేదీ మాత్రం ఇచ్చే ఫంక్షన్‌తో రాస్తే 9 సెకన్లు తింటోంది. క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్‌లో టైప్ దగ్గర ఆల్, కీ దగ్గర నల్, అంటే ఇండెక్స్ వాడకుండా టేబుల్ మొత్తం చదువుతోంది. ఇండెక్స్ పీకేసి మళ్లీ కట్టినా అదే వరస. పొద్దున్నే రిపోర్ట్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

పాతకాపు:
ఇండెక్స్ తప్పేం లేదండీ, దాన్ని మీరే పక్కన పెట్టేశారు. నిఘంటువులో 'కారం' ఇట్టే దొరుకుతుంది, అదే 'కారం'తో ముగిసే మాటలు కావాలంటే మమకారం, ఉపకారం, వెటకారం అంటూ మొదటి పేజీ నుంచి తిరగేయాల్సిందే. ఇండెక్స్‌లో వరసగా ఉన్నవి ఆర్డర్_టైమ్ విలువలు, మీరు వెతికేది డేట్() ఇచ్చే విలువ. తేదీ మాత్రమే తీసుకున్నా వరస చెడదని మనకు తెలుసు కానీ ఆప్టిమైజర్ (క్వెరీని ఎలా నడపాలో తేల్చే భాగం) అంత దూరం ఆలోచించదు, ప్రతి రికార్డుకీ ఫంక్షన్ వేసి చూస్తుంది. కాలమ్‌ని ముట్టుకోకుండా ఇలా రాయండి:
ఆర్డర్_టైమ్ >= '2024-10-12' అండ్ ఆర్డర్_టైమ్ < '2024-10-13'
బిట్వీన్ మాత్రం వద్దు, అది చివరి విలువనీ కలుపుకుంటుంది కాబట్టి 13వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి సరిగ్గా 00:00:00కి పడిన ఆర్డర్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

రాత్రిడ్యూటీ:
అర సెకను కూడా పట్టలేదు! ఈ ఫంక్షన్ ఇంకో పాతిక చోట్ల ఉంది, అన్నీ మార్చాలా?

చిన్నిబగ్:
మార్చడం కుదరని చోట ఫంక్షన్ మీదే ఇండెక్స్ కట్టొచ్చు, 8.0.13 నుంచి ఉంది. బ్రాకెట్లు రెండు జతలు పెట్టాలి, ((డేట్(ఆర్డర్_టైమ్))) అని, ఒక్క జతే పెడితే ఎర్రర్ కొడుతుంది, నాకు గంట పోయింది అక్కడ. క్వెరీలోనూ అచ్చం అదే ఎక్స్‌ప్రెషన్ ఉండాలి. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో ఇది ఎప్పట్నుంచో ఉంది. అయితే కొత్త రికార్డు చేర్చే ప్రతి ఇన్సర్ట్‌కీ ఇంకో ఇండెక్స్ బరువు, కాబట్టి నేనైతే ముందు క్వెరీలే సరిచేస్తాను.
అన్నట్టు, ఫంక్షన్ కనపడకుండా కూడా ఇదే జరుగుతుంది. ఫోన్ నంబర్ వార్‌చార్‌లో (అక్షరాలుగా దాచే కాలమ్‌లో) పెట్టి, కోట్స్ లేకుండా నంబర్‌తో పోలిస్తే మైఎస్‌క్యూఎల్ ప్రతి విలువనీ లోపల్లోపలే అంకెగా మార్చి చూస్తుంది, ఇండెక్స్ గోవిందా.

రాత్రిడ్యూటీ:
కస్టమర్ సెర్చ్ పేజీ తెరిచి చూశా. కోట్స్ లేవు. ఆ క్వెరీ రాసింది కూడా నేనే.