సంఘం మూసేసి మళ్ళీ మొదలుపెట్టడమా, ఉన్నదాన్నే నిలబెట్టడమా?

మెట్టుగూడ మిత్ర:

అందరికీ వందనాలు. సికింద్రాబాద్‌లో మెట్టుగూడ వైపు రైల్వే క్వార్టర్ల మధ్య పుట్టిన ఒక స్వతంత్ర క్రైస్తవ సంఘం గురించి అడుగుతున్నాను. ఏ డయాసిస్ (బిషప్ పాలనలోని ప్రాంతం) కిందా లేదు, సొసైటీగా రిజిస్టరైంది. ఒకప్పుడు బెంచీలు చాలక వరండాలో చాపలు పరిచేవారు. ఇప్పుడు ఆదివారం వచ్చేది 34 మంది. అందులో 21 మంది అరవై దాటినవారే. సండే స్కూల్లో నలుగురు పిల్లలు. రిటైరైన కుటుంబాలు నాగారం, బోడుప్పల్, ఈసీఐఎల్ వైపు ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోయాయి. 320 గజాల స్థలం ఉంది. మందిరం స్లాబు కారుతోంది. పాస్టరు గారు జూన్‌లో రిటైరవుతానని చెప్పేశారు.

నెలకు కానుకలు 18,000, దశమభాగాలు (సభ్యులు తమ ఆదాయంలో ఇచ్చే పదో వంతు) 14,000. ఖర్చుల్లో పాస్టరు గారి జీతం 22,000, వారి ఇంటి అద్దె 9,000, కరెంటు, నీళ్ళు 3,500, ఊడ్చే ఆమెకు 4,000, మైకు, కీబోర్డు మరమ్మతులు 1,500. బ్యాంకులో ఎఫ్‌డీ 3,80,000. స్లాబుకు మేస్త్రీ చెప్పింది 2,60,000.

కమిటీలో సగం మంది ఈస్టరు ఆరాధనతో మూసేసి, సొసైటీ రద్దు చేసి, ఆరు నెలల తర్వాత ఉప్పల్ అవతల అద్దె హాల్లో కొత్త పేరుతో, కొత్త కాపరితో (పాస్టరుతో) మొదలుపెడదామంటున్నారు. మిగతా సగం ఇక్కడే ఉందామంటున్నారు. విషయం తెలిసినవాళ్ళు చెప్పండి.

కాపరి కర్ర:

మూసేయడమే మంచిది బ్రదర్. జాలి చూపి పొడిగించినకొద్దీ నష్టం పెరుగుతుంది. ఇలాంటి చోటికి యువ కాపరిని తెస్తే ఏం జరుగుతుందో చెప్తాను. మొదటి మూడు నెలలు అందరికీ సంతోషం. ఆరాధన టైమ్ మార్చుదాం అనగానే ఒక కుటుంబం అలుగుతుంది. ఆ కుటుంబం ఇచ్చే దశమభాగం మొత్తంలో మూడో వంతు. కాపరి వెనక్కి తగ్గుతాడు. ఏడాదిన్నరకు ఇంకో ఊరు చూసుకుంటాడు. కాపరిది తప్పు కాదు, జనానిది కూడా కాదు. సంఘం చిన్నదయ్యేకొద్దీ ఒక్కో ఇంటి బరువు పెరుగుతుంది, అందుకే ఏదీ కదలదు.

చివరి రూపాయి దాకా ఆగి మూసినవాళ్ళకు మళ్ళీ మొదలుపెట్టడానికి ఏమీ మిగలదు. చేతిలో 3,80,000 ఉన్నప్పుడు ఆగితే కొత్త పనికి విత్తనం ఉంటుంది. గోధుమగింజను దాచుకుంటే పంట రాదు. పేరు, కమిటీ, టైమ్, స్థలం, కాపరి, ఈ ఐదూ ఒకేసారి మారితేనే బయటివాళ్ళకు అది కొత్త సంఘంలా కనిపిస్తుంది.

ఖాతాపుస్తకం:

ముందు లెక్క చూద్దాం. రాబడి 32,000, ఖర్చు 40,000, అంటే నెలకు 8,000 లోటు. ఎఫ్‌డీ మీద ఇలాగే నడిపితే దాదాపు నాలుగేళ్ళు. స్లాబు చేయిస్తే మిగిలేది 1,20,000, అంటే 15 నెలలు. అందుకని స్లాబు సంగతి విడిగా తేల్చకుండా మూయాలా వద్దా అనే చర్చకు అర్థం లేదు. స్లాబు లోపలి ఇనుప కమ్మీ తుప్పు పట్టి పెచ్చులు రాలుతుంటే పైన వాటర్‌ప్రూఫ్ రంగు పూసి ప్రయోజనం లేదు. గుల్లబారిన కాంక్రీటు కొట్టేసి, కమ్మీ రుద్ది, తుప్పు ఆపే పూత వేసి, మళ్ళీ సిమెంటు మాలు పట్టించాలి. నీళ్ళు తూముల వైపు పారేలా వాలు సరిచేయాలి. ఆ తర్వాత పైన రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి చూడాలి. మేస్త్రీ చెప్పిన మొత్తంలో ఇవన్నీ ఉన్నాయో లేదో రాయించుకోండి. పైపూతకే 2,60,000 అడిగితే మాత్రం ఒప్పుకోకండి.

సొసైటీ రద్దు అన్నారు. ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ మీకుందా? ఉంటే చాలా జాగ్రత్త. 2016లో ఒక నిబంధన వచ్చింది. అలాంటి సంస్థ రద్దయితే, రద్దయిన నెల ముగిసినప్పటి నుంచి 12 నెలల్లో ఆస్తులు అదే రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకో సంస్థకు చేరాలి. చేరకపోతే ఆస్తుల మార్కెట్ విలువలోంచి అప్పులు తీసేసి, మిగిలినదాని మీద గరిష్ఠ రేటులో పన్ను వేస్తారు. మెట్టుగూడలో 320 గజాలంటే ఆ పన్ను కట్టడానికి ఆ స్థలమే అమ్ముకోవాల్సి వస్తుంది. మీ కమిటీ అనుకున్నట్టు ఆరు నెలలు ఆగి కొత్త సొసైటీ పెట్టి, దానికి పాన్ తీసుకుని, తాత్కాలిక రిజిస్ట్రేషన్ తెచ్చుకునేసరికి ఆ 12 నెలల్లో ఏం మిగులుతుంది? కొత్త సంస్థ చేతిలో రిజిస్ట్రేషన్ పడ్డాకే పాతదాన్ని ముట్టుకోవాలి.

విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ కూడా ఉంటే ఇంకో ముడి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. కొత్త సంస్థకు అది కావాలంటే మూడేళ్ళు నడిచి ఉండాలి, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షలు సొంత కార్యక్రమాల మీద ఖర్చుపెట్టి ఉండాలి.

దస్తావేజు:

ఖాతాపుస్తకం గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆస్తి వైపు నుంచి నేను చెప్తాను.

మీది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యుంటే ఈ చర్చే ఉండేది కాదు. 1947లో వేర్వేరు సంఘాలు కలిసి అది ఏర్పడినప్పటి నుంచి ఆస్తి ట్రస్టు అసోసియేషన్ పేరు మీదే ఉంటుంది, అమ్మే అధికారం గానీ మూసే అధికారం గానీ స్థానిక కమిటీకి ఉండదు. మెథడిస్టుల్లోనూ అంతిమ నిర్ణయం స్థానికులది కాదు. స్వతంత్ర సంఘానికి ఆ కాపలా లేదు. అందుకే మీలాంటి సంఘాల్లో మూసివేత మాట రాగానే బిల్డర్లు కారు దిగుతారు.

మొదట సేల్ డీడ్ తీసి చూడండి. కొన్నది ఎవరి పేరు మీద? "సంఘం తరఫున అధ్యక్షుడు" అని ఉంటే నయం. అప్పటి పాస్టరు గారి సొంత పేరు మీద ఉంటే ఆయన వారసులందరూ కలిసి సొసైటీ పేర రిజిస్టర్డ్ పత్రం రాయాలి. వారిలో ఒక్కరు అమెరికాలో ఉన్నా పని ఆగుతుంది. సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించండి. లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పాత పత్రాలు) లేకపోతే సర్టిఫైడ్ కాపీలకు అప్లై చేయండి. ఇదంతా సంఘం నడుస్తుండగా చేయాలి. మూతపడ్డాక సంతకం పెట్టే అధికారం ఎవరిదన్నదే తగాదా అవుతుంది.

రెండోది రిజిస్ట్రారు దగ్గర చివరిసారి దాఖలైన కమిటీ జాబితా. 2001 సొసైటీల చట్టం కింద ఏటా ఇవ్వాలి. చాలా సంఘాలు ఏళ్ళ తరబడి ఇవ్వవు. రిజిస్ట్రారు దగ్గర ఉన్న పేర్లు ఒకరివి, బ్యాంకులో సంతకాలు ఇంకొకరివి, ఆదివారం పని చూసేది మరొకరు అయితే మీ రద్దు తీర్మానాన్ని ఎవరైనా సిటీ సివిల్ కోర్టులో సవాలు చేయగలరు. రద్దయినా స్థలం సభ్యులు పంచుకునేది కాదు, అలాంటి ఉద్దేశమే ఉన్న ఇంకో సంస్థకు పోవాలి. ఇది కొందరికి తెలియదు, తెలిసిన రోజు వాళ్ళ ఉత్సాహం తగ్గుతుంది.

ఇక ఆరు నెలలు తాళం వేయడం గురించి. ఈ ఊళ్ళో తాళం వేసిన గుడికైనా మందిరానికైనా అదే గతి. ముందు గేటు దగ్గర ఆటోలు ఆగుతాయి, తర్వాత కొబ్బరిబోండాల బండి, ఆ తర్వాత మీ తాళం పక్కన ఇంకొకరి తాళం. రెండు తాళాలు పడ్డాక పోలీసులు ఇరువర్గాలనీ పిలుస్తారు, గొడవ తేలేదాకా ఎవరినీ లోపలికి రానివ్వరు.

నా మాట ఒక్కటే. ఆరాధన ఆపినా, పేరు మార్చినా, కమిటీ మొత్తం దిగిపోయినా ఫర్వాలేదు. సొసైటీని మాత్రం రద్దు చేయకండి.

బోడుప్పల్ విశ్వాసి:

అద్దె హాలు అనేవాళ్ళకు ఒక మాట. మినీ ఫంక్షన్ హాలు ఓనరు ఆదివారం ఉదయం ఇస్తానంటాడు. మాఘమాసం, శ్రావణం రాగానే ముహూర్తాలు. పెళ్ళికి వచ్చే డబ్బు ముందు మన అద్దె ఎంత? శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి ఈ వారం లేదంటాడు. ప్రైవేటు స్కూలు హాలు కొంత నయం, పెళ్ళిళ్ళు ఉండవు, పిల్లలకు గదులుంటాయి. ఏడాదికి రాతపూర్వకంగా 50 ఆదివారాలు అని రాయించుకోవాలి, కుర్చీలు, సౌండ్ బాక్సులు పెట్టుకోవడానికి తాళం ఉన్న గది అడగాలి. ఇల్లు అద్దెకు తీసుకుని ప్రార్థనలు పెడితే పక్కింటివాళ్ళ ఫిర్యాదు తప్పదు. నివాస ప్రాంతంలో పగటిపూట పరిమితి 55 డెసిబెల్స్, చిన్న గదిలో డ్రమ్స్ వాయిస్తే అది ఎప్పుడో దాటిపోతుంది.

స్త్రీల సమాజం కార్యదర్శి:

ఇంతసేపూ స్లాబు గురించి, పన్ను గురించి మాట్లాడారు. ఆ 21 మంది పెద్దవాళ్ళ గురించి ఎవరూ అడగలేదు. ఉప్పల్ అవతలికి మారిస్తే మెట్టుగూడలోనే ఉండిపోయిన విధవరాండ్రు ఏం ఎక్కి వస్తారు? వాళ్ళు ఏ బిల్డరుకూ అడ్డం కాదు, ఏ ఓటింగులోనూ గట్టిగా మాట్లాడరు. సంఘాన్ని ఇన్నేళ్ళు మోసింది మాత్రం వాళ్ళే.

వాళ్ళు పైకి చెప్పని భయం ఒకటుంది. సమాధి స్థలం. చాలా చోట్ల ఖననానికి ఫలానా సంఘ సభ్యులని పాస్టరు గారి ఉత్తరం కావాలి. సంఘమే లేకపోతే ఆ ఉత్తరం ఎవరిస్తారు? మూసే మాట ఎత్తేముందే దగ్గర్లోని ఇంకో సంఘంతో ఒప్పందం రాసుకుని, ఈ సభ్యులందరికీ అక్కడ సభ్యత్వ బదిలీ పత్రాలు ఇప్పించాలి. నోటిమాట చాలదు, పాస్టరు మారితే నోటిమాట కూడా మారుతుంది.

తర్వాత రిజిస్టర్లు. బాప్తిస్మం, వివాహం, ఖననం, మూడు పుస్తకాలూ ముఖ్యమే. పింఛనుకో పాస్‌పోర్టుకో నలభై ఏళ్ళ తర్వాత ఒకరు వచ్చి నకలు అడుగుతారు. వివాహాల పుస్తకం 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం రాసినది, ఎవరి ఇంట్లోనూ ఉండకూడదు. పాత పుస్తకాల అంచులు విరుగుతుంటాయి, ఒక్కో పేజీ తిప్పేటప్పుడు కింద గట్టి అట్ట పెట్టి ఎత్తాలి. కిటికీ పక్క వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పేజీ మొత్తం వచ్చేలా ఫోటో తీయాలి. సెల్లోటేపు వేయకండి, పసుపెక్కి అక్షరాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేస్తే ఇక ఊడదు. పేర్ల జాబితా రాసి మూడు కాపీలు చేసి మూడు చోట్ల ఉంచాలి.

కొత్త కాపరి వచ్చినా ఆయన సొంతంగా పెళ్ళిళ్ళు జరిపించే లైసెన్సు తెచ్చుకోవాలి, పాత అయ్యగారి లైసెన్సు ఆయనకు పనికిరాదు. వేసవిలో పెళ్ళి పెట్టుకున్న ఇళ్ళవాళ్ళకు ఇది ముందే చెప్పండి.

కాపరి కర్ర:

అక్కా, సమాధి స్థలం సంగతి నాకు తట్టలేదు, మీరన్నది నిజం. సొసైటీ రద్దు వద్దన్నదీ ఒప్పుకుంటున్నాను. కానీ దస్తావేజు గారూ, "రద్దు చేయకండి" అన్న మాట పట్టుకుని పాత కమిటీ అలాగే కూర్చుంటే ఏం చేస్తారు? పెంకు కాపాడి లోపల గుడ్డు కుళ్ళనివ్వడమే కదా. అందుకని ఈ షరతులు లేకుండా నేను మద్దతివ్వను. కమిటీ సభ్యులందరూ ఒకే రోజు రాతపూర్వకంగా రాజీనామా ఇవ్వాలి. బైలాలో (సొసైటీ నియమావళిలో) పదవీకాలం మూడేళ్ళు, వరుసగా రెండుసార్లకు మించకూడదని మార్చాలి. ఒకే ఇంటినుంచి ఇద్దరు ఉండకూడదు. కొత్త కాపరికి మూడేళ్ళ జీతం హామీ ఉండాలి, ఎవరో అలిగి దశమభాగం ఆపితే ఆగిపోయే జీతం కాకూడదు. ఆరు నెలల విరామం బదులు ఆరు వారాలు చాలు. ఆ ఆదివారాల్లో 34 మందీ కలిసే ఇంకో సంఘంలో కూర్చోవాలి, ఎవరిదారిన వాళ్ళు పోతే తిరిగి సగం మంది కూడా రారు.

నాగారం వైపు కుటుంబాలకు బుధవారం గృహ కూడిక పెట్టండి. ఉప్పల్ అవతల హాలు అవసరమా లేదా అన్నది ఏడాది తర్వాత ఆ కూడికే చెబుతుంది.

దస్తావేజు:

ఒక్కటి తప్ప షరతులన్నిటికీ ఒప్పుకుంటున్నాను బ్రదర్. ఒకే ఇంటినుంచి ఇద్దరు వద్దన్నది 34 మందిలో కష్టం. ముగ్గురికి మించకూడదని పెట్టి మొదలుపెట్టండి.

ఇంకొకటి. కొత్త చోట మందిరం కట్టడానికి అనుమతి ఇంటి ప్లానులా రాదు. ఉన్న మందిరం ప్రార్థనా స్థలంగా నడుస్తున్నంత కాలం ఆస్తిపన్ను మినహాయింపు కూడా ఉంటుంది. గోడౌనుకు అద్దెకిస్తే అది పోతుంది. మెట్టుగూడ స్థలాన్ని తేలిగ్గా వదులుకోకండి.

మెట్టుగూడ మిత్ర:

అందరికీ కృతజ్ఞతలు. కమిటీలో ఇది చదివి వినిపిస్తాను. ఒక సందేహం. బైలా మార్చాలంటే సర్వసభ్య సమావేశానికి కోరం (కనీసం ఉండాల్సిన హాజరు) మూడో వంతు. సభ్యత్వ పుస్తకంలో 141 పేర్లున్నాయి. వచ్చేది 34 మందే. ఎలా?

దస్తావేజు:

మూడో వంతంటే 47. అంటే ఈరోజు మీరు ఏ తీర్మానం చేసినా చెల్లదు, మూసివేత తీర్మానంతో సహా. ముందు ఆ పుస్తకం సరిచేయాలి. చనిపోయినవారి పేర్లకు ఖనన రిజిస్టరు నంబరు పక్కన రాసి గుండ్రం చుట్టండి. వెళ్ళిపోయినవారికి బైలాలో ఉన్న గడువు ఇస్తూ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి, సభ్యత్వం కొనసాగిస్తారా లేదా అని. రసీదులు ఫైలులో పెట్టండి. నచ్చనివాళ్ళ పేర్లు ఈ సందులో కొట్టేయొద్దు, కోర్టులో మొదట పట్టుబడేది అదే. పిన్‌కోడ్‌లతో చిరునామాలు ఈ వారంలో సేకరించడం మొదలుపెట్టండి. నాగారం వెళ్ళినవాళ్ళ ఫోన్ నంబర్లు స్త్రీల సమాజం వాళ్ళ దగ్గరే దొరుకుతాయి.