పుల్లటి వాసన వస్తున్న రేడియో స్పూళ్లు: ఓవెన్‌లో పెట్టొచ్చా?

ప్రశ్న (అమలాపురం): 1950ల చివర్లో విజయవాడ కేంద్రం మధ్యాహ్నం వేసిన పాటలు, నాటికలు. ఆ రికార్డింగుల టేపు చుట్టిన 7 అంగుళాల స్పూళ్లు (చక్రాలు) నాలుగు. వెనిగర్ వాసన, అంచున తెల్లటి బూజు. టేపుని ఓవెన్‌లో వేడి చేయమంటున్నారు, చేయొచ్చా?

భీమవరం: వద్దండి! ఆ వైద్యం 1970ల తర్వాతి జిగట టేపులకి. స్పూల్ని పక్కనుంచి వెలుతురుకి పట్టి చూడండి; కాంతి దాటితే అసిటేట్ (పాతకాలపు ప్లాస్టిక్ రకం) టేపు. వేడికి వంకర తిరిగిపోతుంది. మన తేమకి బూజు మామూలే. ఏసీ గదిలో వారం ఆరనిచ్చి, మాస్కు పెట్టుకుని, ఆరుబయట పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. పాలిథిన్‌లో బిగించకండి, ఆమ్లపు ఆవిరి లోపలే ఉండి టేపుని ఇంకా తింటుంది. మంచి టేపులకు దూరంగా పెట్టండి.

రాజోలు: 1200 అడుగుల టేపు సెకనుకి 7½ అంగుళాల వేగంతో 32 నిమిషాలు, 3¾తో 64. మాటలతో పాటు వెనక్కి తిరిగిన గొంతులు వినిపిస్తే కంగారుపడకండి, అది రెండో వైపు రికార్డింగు. మెషిన్ హెడ్ (టేపుని చదివే భాగం) ట్రాకులు, టేపు మీది ట్రాకులు (రికార్డింగు ఉండే పట్టీలు) సరిపోలేదంతే. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV) ఫైలుగా కంప్యూటర్‌లోకి దించండి. గరగర తీసేయడం కాపీ మీదే.

భీమవరం: అసిటేట్ తెగితే సాగకుండా తెగుతుంది, అదొక్కటే అదృష్టం. స్ప్లైసింగ్ టేపుతో (రికార్డు టేపు అతికేందుకే చేసిన పట్టీ) అతకండి, సెల్లోటేపు వద్దు, జిగురు కారుతుంది.