మనసు పెట్టని ఐదు రహస్యాలా, మనసు పెట్టిన ఒక్కటా?

మియాపూర్ మెట్రో:
అక్టోబరు జపమాల మాసం కదా, మా ఇంట్లో రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి జపమాల, తొమ్మిదింటికి గొడవ. ఐదు దేవరహస్యాలూ (యేసు, మరియమ్మల జీవితంలోని ఘట్టాలు, ఒక్కోదానికి పది మంగళవార్తలు) చెప్పాల్సిందే అంటుంది అమ్మ. చెబుతాం, పన్నెండు నిమిషాల్లో! మంగళవార్త జపంలో "మరియమ్మా వందనము" అనేది నోట్లో ఉండగానే వెనక సగం మొదలైపోతుంది. పదో తరగతి చదివే మావాడు కళ్ళు మూసుకుని ఉంటాడు, అది ధ్యానమో నిద్రో వాడికే తెలియాలి. నా బుర్రలో రేపటి మీటింగ్. దీనికంటే ఒక్క రహస్యం తీసుకుని, ఆ సువార్త భాగం చదివి, కాసేపు మౌనంగా ఉండి, పది మంగళవార్తలు నెమ్మదిగా చెబితే నయం కాదా? ఈ మాటంటే అమ్మ "ఇవాళ ఒకటి అంటావు, రేపు ఆ ఒకటీ ఉండదు" అంది. మీరేమంటారు?

ఉపదేశి మనవడు:
అమ్మగారి మాటే నా మాట. మా తాత ఉపదేశి, ఊళ్ళో ప్రార్థనలు నేర్పేవాడు. అప్పట్లో గురువుగారు (ఫాదర్) మా ఊరికి నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు పూజ లేదు, ఉన్నదల్లా జపమాల. చదువు రాని మా నాయనమ్మకి యేసు పుట్టుక నుంచి పునరుత్థానం దాకా అంతా ఆ పూసల మీదే తెలుసు. అసలు 150 కీర్తనలు చదవలేని వాళ్ళకే కదా 150 మంగళవార్తల లెక్క! మనసు కుదిరినప్పుడే చెబుతాం అంటే ఇక చెప్పేదెప్పుడు?

లూథరన్ అల్లుడు:
మాది గుంటూరు లూథరన్ (ప్రొటెస్టంట్) కుటుంబం, పిల్లనిచ్చింది క్యాథలిక్కులు. అత్తగారింట్లో మోకాళ్ళ మీద కూర్చుంటాను, అభ్యంతరం లేదు. కానీ "అన్యజనులవలె వ్యర్థమైన మాటలు వచింపవద్దు" అని మత్తయి 6:7లో ఉంది కదండీ. పన్నెండు నిమిషాల్లో యాభై మూడు సార్లు ఒకే ప్రార్థన అంటే నాకు ఆ వాక్యమే గుర్తొస్తుంది.

ఫిరంగిపురం ఆడపడుచు:
అల్లుడు గారూ, 136వ కీర్తన తీయండి. 26 వచనాలు, ప్రతి వచనం చివరా "ఆయన కృప నిరంతరముండును". సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు కూడా మూడోసారి ఆ మాటలే చెప్పి ప్రార్థించారని మత్తయే రాశాడు. అక్కడ తప్పు పట్టింది "వ్యర్థమైన" మాటల్ని, మళ్ళీ చెప్పడాన్ని కాదు.

అలాగని మియాపూర్ అన్నయ్య బాధ తీసిపారేసేది కాదు. ధ్యానం లేని జపమాల ఆత్మ లేని శరీరం లాంటిదని 1974లో ఆరవ పౌలు పోపుగారే రాశారు. అలా చెబితే యాంత్రికం అయిపోతుందని హెచ్చరిస్తూ ఆయన గుర్తు చేసింది కూడా మీరు చెప్పిన మత్తయి వాక్యాన్నే. నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పమన్నారు. కాబట్టి పన్నెండు నిమిషాల రేసుకి పోపుగారి సపోర్టు లేదు. (మా నాన్న రికార్డు పదకొండు.)

ఉపదేశి మనవడు:
చెల్లెమ్మా, నెమ్మదిగా చెప్పమన్నారు, మానేయమనలేదు. ఐదూ నెమ్మదిగా చెప్పండి. ఇరవై నిమిషాలు. సీరియల్‌కి లేని తొందర దీనికెందుకు?

మియాపూర్ మెట్రో:
అన్నా, మానేయడం గురించి నేను అనలేదు. ఆదివారం పూజలాగా రోజువారీ జపమాల తప్పనిసరి అని తిరుసభ ఎక్కడా చెప్పలేదు. పిల్లాడిని బలవంతంగా కూర్చోబెడితే రేపు హాస్టల్‌కి వెళ్ళాక జపమాలతో పాటు పూజ కూడా వదిలేస్తాడేమోనని నా టెన్షన్.

కువైట్ బస్సు:
నేను ఇక్కడ ఇంటి పని చేస్తాను. చేతులకి ఎప్పుడూ సబ్బే, పూసలు పట్టుకునే వీలుండదు. ఇస్త్రీ చేస్తూ వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటాను. ఒక్కో రోజు ఐదూ అవుతాయి, ఒక్కో రోజు రెండో రహస్యం దగ్గర మేడమ్ పిలుస్తుంది, అంతే. మనసు పెట్టానా అంటే ఏం చెప్పను. మా ఆయన పోయారని ఫోన్ వచ్చిన రోజు సొంతంగా ఒక్క మాట రాలేదు. మంగళవార్త చివర వచ్చే "ఇప్పుడును మా మరణ సమయమందును" అని నోరే అనేసింది. ఊళ్ళో మా అమ్మ తిట్టి తిట్టి నేర్పించింది, నిద్రకళ్ళతోనే నేర్చుకున్నాను. అబ్బాయి నిద్రపోతున్నా పక్కన కూర్చోనివ్వండి అన్నయ్యా.

లూథరన్ అల్లుడు:
అక్కా, దీనికి నా దగ్గర జవాబు లేదు. మత్తయి వాక్యం మీద మాత్రం నా మాట నాదే.

మియాపూర్ మెట్రో:
నిన్న గురువారం. అమ్మది పెళ్ళిలో ఇచ్చిన జపాల పుస్తకం, అందులో 15 రహస్యాలే ఉన్నాయి. గురువారం చెప్పే వెలుగు రహస్యాలు రెండో జాన్ పాల్ పోపుగారు 2002లో చేర్చినవి కదా, వాటి వరస అమ్మకి నోటికి రాదు. ఎప్పుడూ నేను అందించేవాణ్ణి, నిన్న ఫోన్ మావాడి చేతికిచ్చాను. మొదటి రహస్యం గబగబా అయిపోయింది. రెండోది కానా పెళ్ళి, ద్రాక్షారసం అయిపోయిందని మరియమ్మ యేసుకి చెప్పి, ఆయన చెప్పినట్టు చేయమని పనివాళ్ళతో అన్న ఘట్టం. చదువుతూ చదువుతూ ఆగి, "నానమ్మా, నా సమయం ఇంకా రాలేదని యేసు అన్నాక కూడా ఆవిడ పనివాళ్ళకి ఎందుకు చెప్పింది?" అని అడిగాడు. ఇక అమ్మ మొదలుపెట్టింది. మా అత్త పెళ్ళిలో అన్నం చాలకపోవడం, పక్కింటి వాళ్ళు బియ్యం తేవడం, అన్నీ వచ్చాయి అందులో. చూస్తే తొమ్మిదిన్నర. వాడికి హోంవర్క్ ఉందని లేచాం.

మిగతా మూడూ అమ్మ వంటింట్లో ఒక్కతే చెప్పుకుంది, మధ్యలో మూడుసార్లు వాణ్ణి పిలిచి తర్వాతిది ఏంటని అడుగుతూ.