జపనీస్‌లో నిమిషాలు: ఎక్కంలా బట్టీయా, సంధిలా సూత్రమా?

గోడగడియారం:
ఎన్5 (జపనీస్ భాషా పరీక్షలో అన్నిటికన్నా కింది మెట్టు) మొదలుపెట్టేవాళ్లకి నిమిషాలు నేర్పడంలో రెండు పద్ధతులు నడుస్తున్నాయి. ఒకటి: ఇప్పున్, నిఫున్, సంపున్, యొంపున్, గొఫున్, రొప్పున్, ననఫున్, హప్పున్, క్యూఫున్, జుప్పున్ అని పది రూపాలూ ఎక్కంలా వల్లె వేయించడం. రెండు: నిమిషానికి ఎక్కడ ఫున్, ఎక్కడ పున్ అన్నదానికి కారణం చెప్పి మిగతాది వాళ్లనే కట్టుకోమనడం. ఏది మేలంటారు? గంటల జోలికి పోకండి, నిమిషాల సంగతి మాత్రమే.

ఒత్తక్షరం:
సూత్రమే. కారణం ఇంత శుభ్రంగా ఉన్నప్పుడు బట్టీ ఎందుకు? జపనీస్‌లో ఇప్పుడు హ, ఫ అని పలికే వరుస పాతకాలంలో ప. అంటే అసలు మాట పున్ అనుకోండి. చైనా నుంచి వచ్చిన అంకెల్లో ఒకటి, ఆరు, ఎనిమిది, పది పూర్వం హల్లుతో ముగిసేవి. ఆ హల్లు వెనకాల ప వస్తే రెండూ కలిసి ద్విత్వం అయింది. ఉత్ + చారణ ఉచ్చారణ అయినట్టే ఇచి + పున్ ఇప్పున్, రొకు + పున్ రొప్పున్. హప్పున్, జుప్పున్ కూడా ఇంతే. సన్, యొన్ నకారంతో ముగుస్తాయి, కాబట్టి ప నిలబడింది. ని, గొ, నన, క్యూ అచ్చుతో ముగుస్తాయి, రెండు అచ్చుల మధ్య ప మెత్తబడి ఫ అయింది. ఏడు ఎందుకు తప్పించుకుందంటే, ఇక్కడ వాడేది చైనా అంకె శిచి కాదు, జపనీయుల సొంత మాట నన. పదికి పదీ సర్దుకున్నాయి. 11 నుంచి 59 దాకా చివరి అంకె చూసుకుంటే చాలు.

మూడోబెంచి:
సంధి పాఠం బాగుంది ఒత్తక్షరం గారూ, మార్కులు వేయొచ్చు. కానీ ఆ సూత్రం నిమిషాల గుమ్మం దాటితే పనిచేయదు. పెన్సిళ్లు, సీసాల్లాంటి పొడుగాటి వస్తువులు లెక్కపెట్టే హొన్ చూడండి. మూడు సంబొన్, నాలుగు యొన్‌హొన్. అదే సన్, అదే యొన్, అదే హ వరుస, అయినా ప లేదు. మీ సూత్రం నమ్ముకున్నవాడు సంపొన్, యొంపొన్ అంటాడు. గ్లాసులు లెక్కపెట్టే హై దగ్గరా అదే గతి: సంబై, యొన్‌హై.

ఇంకోటి, పరీక్ష లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే వేస్తారు. మొత్తం 180కి 80 వచ్చినా లిజనింగ్‌లో 60కి కనీసం 19 రాకపోతే ఎన్5 పోయినట్టే. జుప్పున్ అని చెవిన పడగానే 10 అని తట్టాలి. సంధి విడదీసుకుంటూ కూర్చుంటే ఆ లోపు రైలు వెళ్లిపోతుంది.

బట్టీ అంటే ఒకటి నుంచి పది వరుసగా పాడించడమనీ కాదు. అలా పాడినవాడికి 8 అడిగితే మళ్లీ ఒకటి నుంచి మొదలెడతాడు. ముందు ముల్లు ఆగే అయిదేసి నిమిషాలు చెప్పించాలి: గొఫున్, జుప్పున్, జూగొఫున్, నిజుప్పున్, నిజూగొఫున్, సన్‌జుప్పున్... ఫున్, పున్, ఫున్, పున్ అని ఊగుతూ పోతుంది, ఇందులో తప్పడానికేమీ లేదు. పన్నెండు గుర్తులూ నోటికొచ్చాక 1, 3, 4, 6, 8 కలపాలి. అవన్నీ పున్ జట్టే. 2, 7, 9 ఆఖర్న.

పూర్ణానుస్వారం:
ఇద్దరూ రాసే పద్ధతి గురించి మాట్లాడలేదు. రోమన్ లిపిలో రాసుకుని నేర్చుకుంటే ఎన్ అక్షరం చూసి సన్-పున్ అని విడగొట్టి పలుకుతారు. జపనీయులు అక్కడ పెదాలు మూసేస్తారు. తెలుగులో సున్నా పెట్టి సంపున్, యొంపున్ అని రాసుకుంటే సరి. ప ముందు సున్నా మ అవ్వడం మనకి ఒకరు చెప్పక్కర్లేదు, సంపద అనడం లేదూ? ఒత్తులూ దీర్ఘాలూ మనకి పుట్టుకతో వచ్చినవే. జూ, క్యూ పొట్టి చేస్తే మాత్రం ఊరుకోరు: క్యూఫున్ అంటే తొమ్మిది నిమిషాలు, కుఫున్ అంటే ఎవరికీ ఏమీ కాదు.

మన లిపి మోసం చేసేది ఫు దగ్గర. కింది పెదవి పళ్లకి తగలకూడదు. రెండు పెదాలూ దగ్గరకి తెచ్చి దీపం ఆర్పుతున్నట్టు మెల్లగా ఊదాలి.

ఒత్తక్షరం:
హొన్ గురించి మూడోబెంచి గారి మాట ఒప్పుకుంటాను. నేను నిమిషాల వరకే అన్నాను గానీ, నేర్చుకునేవాడు అక్కడ ఆగడు కదా. అయినా ద్విత్వం భాగం ఎక్కడికీ పోలేదు చూడండి: ఇప్పొన్, రొప్పొన్, హప్పొన్, జుప్పొన్. కూలింది 3, 4 దగ్గరే. అందుకని సూత్రంలో సగం ఉంచి, నకారం సంగతి ఆ మాటకి ఆ మాటగా నేర్చుకోవాలి.

నాలుగోజాము:
గంటలు వద్దన్నారు గానీ తప్పులు పుట్టేది అక్కడే, క్షమించాలి. ఫున్‌కి బదులు పున్ అన్నా ఎదుటివాడికి అర్థమవుతుంది, నవ్వి ఊరుకుంటాడు. అసలు బెడద 4, 7, 9. గంటల్లో ఒక రూపం, నిమిషాల్లో ఇంకోటి. నాలుగు గంటలకి యొజి, నాలుగు నిమిషాలకి యొంపున్. ఏడింటికి శిచిజి, నిమిషాలకి ననఫున్. తొమ్మిదింటికి కుజి, నిమిషాలకి క్యూఫున్. దీన్ని మీ సూత్రమూ చెప్పదు, నిమిషాల పట్టికా చెప్పదు. విడివిడిగా నేర్పినంతకాలం యొన్‌జి, క్యూజి అంటూనే ఉంటారు. 4:04, 7:07, 9:09 అని మూడు టైములు కాగితం మీద రాసి, చూడగానే యొజి యొంపున్, శిచిజి ననఫున్, కుజి క్యూఫున్ అనిపించండి. అవి తడుముకోకుండా వచ్చాక 14:44, 19:49 ఇవ్వండి. 14 జూయొజి, 19 జూకుజి. వాడి నోరు తిరిగితే ఇంక భయం లేదు.

శిచిజిలో మొదటి ఇకారం దాదాపు వినపడదు, శ్‌చిజి అన్నట్టు ఉంటుంది. అది ఇచిజి అని పొరపడే ప్రమాదం ఉంది కాబట్టి తికమక రాకూడదనుకున్న చోట జపనీయులే ననజి అనేస్తారు. అంటే ననజి వినపడితే తెల్లబోకూడదు. యొన్‌జి, క్యూజిలకి మాత్రం ఆ మినహాయింపు లేదు.

గోడగడియారం:
సరే, గంటలూ రానివ్వండి. మరి పదికి కొన్నిచోట్ల జిప్పున్ అని ఉంటోంది, అది అచ్చుతప్పా?

ఒత్తక్షరం:
కాదండీ. పాత పద్ధతిలో జిప్పునే సరైనది. 2010లో సవరించిన జపాన్ ప్రభుత్వ కంజి (చైనా నుంచి వచ్చిన రాత గుర్తులు) పట్టికలో పది గుర్తు దగ్గర జుప్ అని కూడా అంటారని చేర్చారు. జనం నోట ఎక్కువ వినపడేది జుప్పునే. హప్పున్, హచిఫున్ కూడా రెండూ చెల్లుతాయి.

మూడోబెంచి:
నాలుగోజాము గారి మూడు టైముల కసరత్తు నా పట్టిక కన్నా మెరుగని ఒప్పుకోక తప్పదు. దానికి ఒకటి కలుపుతాను. తెలుగువాళ్లే చేసే తప్పు ఒకటుంది. మనకి రెండు గంటలకి వచ్చాడన్నా, రెండు గంటలు పట్టిందన్నా మాట గంటలే. జపనీస్‌లో గడియారం చూపించేది నిజి, పట్టిన కాలం నిజికన్. రెండు గంటలు ఎదురుచూశానని చెప్పబోయి నిజి మచిమశిత అంటే వాక్యం నిలవదు, నిజికన్ మచిమశిత అనాలి. నిమిషాలకి ఈ పట్టింపు లేదు, జుప్పున్ మచిమశిత అన్నా చక్కగా చెల్లుతుంది. ఏడింటికి అనడంలో మన కి ఉన్న చోట వాళ్ల ని వస్తుంది: శిచిజి ని. సుమారుగా అనాలంటే టైముకి గొరొ, పట్టిన కాలానికి గురై.

పావు, ముప్పావు కోసం వెతక్కండి, లేవు. ఏడుంబావు శిచిజి జూగొఫున్. అర ఒక్కటే ఉంది: శిచిజి హన్. మన ఏడున్నరలా కలిపేసి జి మింగేయకూడదు.

పూర్ణానుస్వారం:
తక్కువ చెప్పడానికి మఎ ఉంది. జూజి గొఫున్ మఎ అంటే పదికి అయిదు నిమిషాల ముందు, 9:55. ఈ మధ్య అక్కడి కుర్రకారులో కొందరు దీన్ని 10:05కి కాస్త ముందు అని తీసుకుంటున్నారు. మీటింగుకి రమ్మనేటప్పుడు కుజి గొజూగొఫున్ అని విడమరిచి చెప్పడం మంచిది.

గోడగడియారం:
24 గంటల లెక్క ముందు నేర్పాలా, గొజెన్ (మధ్యాహ్నానికి ముందు), గొగొ (మధ్యాహ్నం తర్వాత) ముందా?

నాలుగోజాము:
నోటితో చెప్పడానికి గొజెన్, గొగొ. రెండూ అంకెకి ముందు వస్తాయి, మన పొద్దున ఏడు, సాయంత్రం అయిదు లాగే. గొ అంటే గుర్రం. పాత లెక్కలో పగటి నడిమి వేళ గుర్రానిది, దానికి ముందు గొజెన్, తర్వాత గొగొ. ఆ లెక్కలో పగలు ఆరు భాగాలు, రాత్రి ఆరు భాగాలు. ఎండాకాలం పగటి భాగం సాగేది, చలికాలం కుంచించుకుపోయేది. 1873లో కొత్త క్యాలెండర్‌తో పాటు సమానమైన గంటలు వచ్చాయి. మధ్యాహ్నం పూట ఎనిమిది దెబ్బలు, అంటే యత్సు, కొట్టినప్పుడు తినే చిరుతిండికి ఒయత్సు అన్న పేరు మాత్రం మిగిలిపోయింది.

చదవడానికి 24 గంటల లెక్క తప్పదు, రైలు పట్టికలన్నీ అందులోనే ఉంటాయి. అర్ధరాత్రి దాటాక వచ్చే టీవీ కార్యక్రమాలకీ, బార్ల బోర్డులకీ 25, 26 కూడా కనపడతాయి. 25 అంటే ఆ రాత్రి ఒంటిగంట. శనివారం 25 అని ఉంటే మన లెక్కలో ఆదివారం తెల్లవారుజాము, టికెట్లు కొనేవాళ్లు తేదీ చూసుకోవాలి.

మధ్యాహ్నం పన్నెండున్నరకి గొగొ జూనిజి హన్ అంటే కొందరు ఆగి ఆలోచిస్తారు. వార్తల్లో గొగొ రేజి సన్‌జుప్పున్ అంటారు, మధ్యాహ్నం సున్నా గంటల ముప్పై నిమిషాలని. మామూలు మాటల్లో అయితే ముందు హిరు నొ (మధ్యాహ్నపు) తగిలించి హిరు నొ జూనిజి హన్ అంటే సరిపోతుంది.