యాభై దాటినవాళ్ళకి ట్రైనింగ్ దండగేనా?

పాత లెడ్జర్:
"యాభై దాటినవాళ్ళకి కొత్త పని నేర్పడం డబ్బు దండగ, అదే సీటు కుర్రాళ్ళకిస్తే ముప్పై ఏళ్ళు పనికొస్తారు" అని నిన్న ఒకరు ఇక్కడే రాశారు. నాకు 54. ఇరవై ఆరేళ్ళు అకౌంట్స్ చూశాను, కంపెనీ మూసేశారు, తర్వాత మూడు నెలలు కంప్యూటర్ కోర్సు చేశాను. సర్టిఫికెట్ ఉంది, ఉద్యోగం లేదు. తప్పు నా వయసుదా, ఆ కోర్సుదా?

హైరింగ్ చూసేవాణ్ణి:
కోపం తెచ్చుకోకండి సార్, మా వైపు నుంచి ఉన్నమాట చెప్తున్నా. నేర్చుకోవడానికి టైమ్ ఎక్కువ పడుతుంది, పాత జీతానికి తగ్గరు, పైన మేనేజర్ చిన్నవాడైతే ఇద్దరికీ టెన్షన్. నేర్పడానికి పెట్టిన ఖర్చు తిరిగి రావాలి కదా.

నేర్పేదాన్ని:
ఆ ముప్పై ఏళ్ళ లెక్క దగ్గరే నా పేచీ. ఏ కుర్రాడు ముప్పై ఏళ్ళు ఒకేచోట ఉంటున్నాడండీ? టైమ్ ఎక్కువ పడుతుందన్నది నిజమే, క్లాసులో రోజూ చూస్తాను. స్టోర్స్‌లో పనిచేసిన ఒకావిడ, 57 ఏళ్ళు, ఎక్సెల్‌లో పెద్ద జాబితాని మొత్తాలుగా కుదించి చూపే పివట్ టేబుల్ దగ్గర వారం రోజులు ఆగిపోయారు. ప్రతి క్లిక్కూ నోట్‌బుక్‌లో రాసుకునేవారు, అయినా మర్నాటికి మళ్ళీ మొదటికొచ్చేది. చివరికి పుస్తకంలోని శాంపిల్ డేటా పక్కన పెట్టేసి, ఇన్‌వర్డ్, ఇష్యూ, బ్యాలెన్స్ కాలమ్స్‌తో ఒక స్టాక్ రిజిస్టర్ ఎక్కించి ఇచ్చాను. గంటలో చేసేశారు, పైగా మూడో ఐటెమ్ బ్యాలెన్స్‌లో తేడా ఉందని నాకే చూపించారు! అంతవరకూ ఆవిడకి రానిది కంప్యూటర్ కాదు, నా పాఠం.

జర్మనీలో డింగోల్‌ఫింగ్ బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ 2007లో ఒక ప్రొడక్షన్ లైన్‌లో సగటు వయసు 47 ఉండేలా మనుషుల్ని పెట్టింది. చెక్క ఫ్లోరింగ్, కూర్చుని చేసుకునే కుర్చీలు, ఇలా వాళ్ళనే అడిగి 70 చిన్న మార్పులు చేస్తే, ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది.

హైరింగ్ చూసేవాణ్ణి:
మేడమ్, అది ఉన్నవాళ్ళని నిలుపుకోవడం. బయటినుంచి కొత్తగా తీసుకోవడం వేరే సంగతి.

నేర్పేదాన్ని:
ఒప్పుకుంటాను. అందుకే ఉద్యోగం ముందు, ట్రైనింగ్ తర్వాత అంటున్నా. సింగపూర్‌లో కెరీర్ కన్వర్షన్ ప్రోగ్రామ్ అలాంటిదే, కంపెనీ ముందు ఉద్యోగంలోకి తీసుకుంటుంది, నేర్చుకునే కాలంలో జీతంలో పెద్ద వాటా ప్రభుత్వం భరిస్తుంది. ఎవరు తీసుకుంటారో తెలియకుండా మూడు నెలలు కూర్చోబెట్టి చేతిలో సర్టిఫికెట్ పెట్టడం వాళ్ళని మోసం చేసినట్టే.

పాత లెడ్జర్:
సార్, జీతం తగ్గించుకోవడానికి నేను రెడీ. మేనేజర్ చిన్నవాడైనా నాకేం ఇబ్బంది లేదు, మా అబ్బాయి దగ్గరే కదా ఫోన్ వాడటం నేర్చుకున్నది. ఇంటర్వ్యూలో వయసు అడిగేముందు మీ కంపెనీ పాత బిల్లులు ఒక కట్ట ఇచ్చి, ఒక్క పూట కూర్చోబెట్టి చూడగలరా?