పెరట్లో నాలుగు పెట్టలు: నగరంలో ఒప్పుకుంటారా?

తొలిపొద్దు: పెరట్లో నాలుగు పెట్టలను పెంచాలని ఉంది. పురపాలక కార్యాలయానికి ఫోన్ చేస్తే ఒకరు కుదరదన్నారు, మరొకరు ఫరవాలేదన్నారు. మీ అనుభవాలు చెప్పండి.

గంపకింద: ఫోనులో చెప్పిన మాట ఎవరికీ గుర్తుండదండీ, రాతపూర్వకంగా అడగండి. నిబంధన ఎక్కడుందో వెతకడమే పెద్ద పని. పెంపుడు జంతువుల కింద లేకపోతే పశువుల కింద, అక్కడా లేకపోతే పారిశుద్ధ్యం కింద చూడండి. నాకు మూడో చోట దొరికింది. ఎన్ని కోళ్లు, గూడు ఎంత దూరం, పుంజు ఉందా అన్నవే ముఖ్యంగా చూస్తారు.

కొలబద్ద: ఆ దూరం దగ్గరే దెబ్బతిన్నాను. పక్కింటి గోడ నుంచి కొలిచి గూడు కట్టాను. తనిఖీకి వచ్చినాయన టేపు కొసను ప్రహరీకి ఆనించారు. రెండడుగులు తక్కువ! మా దగ్గర హద్దు నుంచి లెక్కట. సిమెంటు పునాది పగలగొట్టాల్సి వచ్చింది. జరుపుకోగలిగే గూడు కట్టుకోండి.

పెరటిగడప: గుడ్లకు పుంజు అక్కర్లేదు, పొదిగించాలంటేనే కావాలి. అయినా మాకు వచ్చిపడింది. ఐదు కోడిపిల్లలూ పెట్టలే అని నమ్మి తెచ్చాం. రెండు నెలలకు ఒకదాని జుట్టు ఎర్రగా లేచింది. ఒకనాటి తెల్లవారుజామున అది బోర్లించిన బకెట్ ఎక్కి, మెడ సాచి, బొంగురు గొంతుతో సగం కూత కూసి, తన గొంతుకు తానే బెదిరి కిందకు దూకింది. మేం నవ్వాం, పక్కింటివారు నవ్వలేదు. గూటికి గుడ్డ కప్పి చీకటి చేశాను. లాభం లేదు, పుంజుకు వేళ లోపలి నుంచే తెలుస్తుంది. చివరికి పొలం ఉన్న బంధువులకు ఇచ్చేశాం.

తొలిపొద్దు: పెట్టలు అరవవా?

పెరటిగడప: గుడ్డు పెట్టాక ఊరంతా చాటుతాయి. పగలు కాబట్టి చెల్లిపోయింది.

మూడోగుడ్డు: నా మీద ఫిర్యాదు ఎలుకల గురించి. మేతను రేకు డబ్బాలోకి మార్చి, రాత్రిళ్లు పళ్లెం ఎత్తేశాక తగ్గాయి. పచ్చి రెట్టను మొక్కలకు వేయకండి, మాడిపోతాయి. చివికాక వేయండి. ఇంకో సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. రెండు మూడేళ్లకు గుడ్లు తగ్గుతాయి కానీ కోడి ఇంకా ఏళ్ల తరబడి బతుకుతుంది. పరిమితి నాలుగైతే ముసలి పెట్టలూ ఆ లెక్కలోనే. పెరట్లో కోయడం చాలాచోట్ల నిషేధం. నాకైతే మనసూ ఒప్పలేదు.

గంపకింద: ఇంతకీ సొంత ఇల్లేనా? నగరం ఒప్పుకున్నా అద్దె పత్రం ఒప్పుకోకపోవచ్చు.

తొలిపొద్దు: అద్దె ఇల్లే. పత్రం ఎక్కడ పెట్టానో వెతుకుతున్నాను.