పక్కూళ్లో డీటెయిలింగ్ షాపు పెట్టమని కుర్రాళ్లను ఎగదోయడం మంచిదేనా?

వేదాయపాలెం_షైన్:
నెల్లూరులో చిన్న కార్ డీటెయిలింగ్ షాపు నడుపుతున్నాను, అంటే కారు రంగు మీది మురికి, గీతలు తీసి మెరుగుపెట్టే పని. ఒక షెడ్డు, రెండు కార్లు పట్టే చోటు, ఇద్దరు కుర్రాళ్లు. పని చేసేటప్పుడు తీసిన వీడియోలు ఇన్‌స్టాలో పెడుతుంటాను. అవి చూసి కావలి, గూడూరు, ఒంగోలు నుంచి కుర్రాళ్లు "అన్నా, మేమూ పెట్టుకోవచ్చా" అని అడుగుతారు. ధైర్యంగా పెట్టుకోండి అంటాను. ఏ పాలిషర్ (మెరుగుపెట్టే మెషిన్) కొనాలో, రంగుకు అతుక్కున్న మురికి తీసే క్లే బార్ ఎలా పట్టాలో, రంగు మీద రక్షణ పొరగా పూసే కోటింగ్‌కు ముందు ఐపీఏ అనే ఆల్కహాల్‌తో ఎందుకు తుడవాలో అన్నీ చెబుతాను. రూపాయి తీసుకోను. మొన్న ఇదే లైన్లో ఉన్న పెద్దాయన ఒకరు "నీ పొట్ట మీద నువ్వే కొట్టుకుంటున్నావు" అన్నారు. నాకలా అనిపించడం లేదు. సంక్రాంతికి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు నుంచి వచ్చే కార్లకే మేం చాలడం లేదు. మీరేమంటారు?

చీమకుర్తి_నల్లరాయి:
ఆ పెద్దాయన మాటలో తప్పేముంది? నాది ఒంగోలు, కర్నూలు రోడ్డులో షాపు. అంతకుముందు గ్రానైట్ పాలిషింగ్‌లో ఉన్నాను, మెషిన్ పట్టడం అక్కడే వచ్చింది. నా దగ్గరికి ఒకడు పనికి వచ్చాడు. మైక్రోఫైబర్ గుడ్డకీ పాత బనియన్‌కీ తేడా తెలియదు. చీమకుర్తి వైపు తిరిగే కారు మీద రాతి పొడి ఉంటుంది, పొడి గుడ్డ వేస్తే గీతలు పడతాయి, ముందు ఫోమ్ కొట్టి నీళ్లతో దించాలి అన్న దగ్గర్నుంచి నేర్పాను. పని వచ్చింది, వెళ్లిపోయాడు. అదే రోడ్డులో షాపు తెరిచాడు. వెళ్తూ వెళ్తూ నా బిల్లు పుస్తకంలోని ఫోన్ నంబర్లన్నీ ఎక్కించుకుపోయాడు.

నేను 15,000కు వేసే సెరామిక్ కోటింగ్ వాడు 8,000కు వేస్తాడట. ఎలా వేస్తాడో నాకు తెలుసు. పెయింట్ కరెక్షన్, అంటే ముందు మెషిన్‌తో గీతలు తీయడం, చేయడు. స్విర్ల్ మార్కులు (గుండ్రటి సన్న గీతలు) ఉన్నవి ఉన్నట్టే ఉంచి పైన పూస్తాడు. కస్టమర్‌కి "9హెచ్" అని చెబుతాడు. అది పెన్సిల్‌తో గీసి చూసే గట్టిదనం లెక్క, లారీ టైరు నుంచి ఎగిరొచ్చే రాయిని ఆపదు, దానికి పీపీఎఫ్, అంటే రంగు మీద అతికించే ప్లాస్టిక్ ఫిల్ము, వేయించుకోవాలి అని ఎవరు చెబుతారు? నేను చెబితే "అక్కడ 8,000కే కదా" అంటారు. మీరు ఎగదోసే వాళ్లలో రేపు ఇలాంటి వాళ్లు ఎందరో లెక్కేసుకున్నారా?

గూడూరు_నిమ్మ:
మా ఊళ్లో సరైనది ఒక్కటీ లేదు. ఎవరో ఒకరు పెట్టండి సామీ. నెల్లూరు వచ్చి పోవాలంటే సగం రోజు పోతోంది.

నీళ్ల_లెక్క:
అసలు విషయం ఎవరూ మాట్లాడటం లేదు. మీ బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, ఎంత? తాగే నీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. మా ప్రకాశంలో చాలా బోర్లు దాన్ని ఎప్పుడో దాటేశాయి. ఆ నీళ్లతో కడిగి ఎండలో వదిలితే తెల్ల మచ్చలు పడతాయి, కోటింగ్ ఉన్నా పడతాయి. నీళ్ల గట్టిదనం తగ్గించే సాఫ్ట్‌నర్ ఖర్చు చెప్పకుండా షాపు పెట్టమనడం ఏంటి?

వేదాయపాలెం_షైన్:
నీళ్ల సంగతి తర్వాత, సార్.
నల్లరాయి అన్నా, మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ వాడు నంబర్లు పట్టుకుపోతే అది వాడి బుద్ధి. పని నేర్పడం తప్పెలా అవుతుంది? మనం నేర్పకపోతే యూట్యూబ్ నేర్పుతుంది, అది కూడా సగం సగం. కొత్తగా వచ్చేవాడు ఒకే చోట గిర్రున తిరిగి రంగును తొందరగా వేడెక్కించే రోటరీ కొనకుండా, తిరుగుతూ అటూ ఇటూ కదిలే డీఏ పాలిషర్‌తో మొదలుపెడితే కొన్ని కార్లయినా బతుకుతాయి. క్లియర్ కోట్, అంటే రంగు మీది పారదర్శక పొర, మామూలుగా 40, 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. కాంపౌండ్ (గీతలు అరగదీసే పేస్టు) పట్టినప్పుడల్లా అందులోంచే అరుగుతుంది. ఈ మాట ఒక్కటి తెలిసినా వాడు మెషిన్ పట్టే తీరు మారుతుంది. బాగా చేసేవాళ్లు నలుగురు ఉంటేనే కస్టమర్‌కు మంచి పని అంటే ఏంటో తెలుస్తుంది. ఇప్పుడు మన జిల్లాల్లో చాలామందికి డీటెయిలింగ్ అంటే వాటర్ సర్వీసింగే.

చీమకుర్తి_నల్లరాయి:
నంబర్ల గురించి అడిగితే మైక్రాన్ల గురించి చెబుతారేంటి? నా ప్రశ్న నంబర్లు.

రిటైర్డ్_మేనేజర్:
బ్యాంకులో పనిచేసి దిగినవాణ్ని. చిన్న వ్యాపారాలకిచ్చే కేంద్రం ముద్ర లోన్లలో శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు ఇస్తారు. తాకట్టు అడగరు. తాకట్టు లేదు కాబట్టి తిరిగి కట్టకపోయినా ఏమీ కాదనుకునే పిల్లలు చాలామంది. తర్వాత సిబిల్ స్కోరు చూసుకుని ఏడుస్తారు. మెషిన్లకు లోను తెచ్చుకుంటారు గానీ మొదటి ఆరు నెలల అద్దె, జీతాలు చేతిలో పెట్టుకోరు. షాపు మూతపడేది అక్కడే.

కావలి_అక్క:
ఈ చర్చ చూసి ఊరుకోలేక రాస్తున్నాను. వేదాయపాలెం గారూ, మా తమ్ముడు మీ వీడియోలు చూసే షాపు పెట్టాడు. మీరు మెసేజ్‌లో "తమ్ముడూ, భయపడొద్దు, దిగితే లోతు తెలుస్తుంది" అని పెట్టారు. వాడు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నాడు. నా గాజులు తాకట్టు పెట్టి గోల్డ్ లోను తెచ్చాం. హైవే పక్కన షెడ్డుకి నెలకు 18,000 అద్దె, మూడు నెలల అడ్వాన్సు. ఆయుధపూజకు ముందు వారం కార్లు వరస కట్టాయి, మా వాడి ఆనందం చూడాలి. ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. మన వైపు అసలు వర్షాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అని మీకు తెలియదా? తుఫాను హెచ్చరిక ఉన్న వారం కారుకు పాలిష్ ఎవరు పట్టిస్తారు? పైగా ఒక కారు బానెట్ అంచున మెషిన్ ఎక్కువసేపు ఆపడంతో పెయింటు కాలింది. ఆ ముక్కకు మళ్లీ రంగు మా డబ్బుతోనే వేయించాం. సంక్రాంతి రాకముందే షట్టర్ దించాడు. ఇప్పుడు ఒక షోరూమ్‌లో కార్లు తుడుస్తున్నాడు. మీ ప్రోత్సాహం చాలా గొప్పది. వడ్డీ మాత్రం నేను కడుతున్నాను.

వేదాయపాలెం_షైన్:
అక్కా, బాధగా ఉంది. కానీ అంచులకు టేపు వేయమని ప్రతి వీడియోలో చెబుతాను. అక్కడ పెయింటు పల్చగా ఉంటుందని చెప్పాను. గోల్డ్ లోను తీసుకోమని నేను చెప్పలేదు.

కావలి_అక్క:
టేపు గురించి కాదు నేను రాసింది.

నీళ్ల_లెక్క:
కావలిలో సముద్రపు గాలి, ఉప్పు కూడా ఉంటాయి. నీళ్లు పరీక్ష చేయించారా అమ్మా?

మెస్సు_రాజు:
నీళ్ల సార్, సాఫ్ట్‌నర్ పెట్టినా టీడీఎస్ పెద్దగా తగ్గదు. కాల్షియం పోయి సోడియం వస్తుంది అంతే. మచ్చ తుడిస్తే పోతుంది.

వేదాయపాలెం_షైన్:
ఒకటి అడుగుతాను. నలుగురు మంచి మాట చెబితే పెట్టి, బాగుంటే తన గొప్ప, పోతే చెప్పినవాడి తప్పా? నేను తెల్లవారుజామున లేచి కార్లు కడిగి ఈ స్థాయికి వచ్చాను. నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే చెబుతున్నాను. ఇక చెప్పను, సరేనా? అందరూ హాయిగా నిద్రపోండి.

కావలి_అక్క:
కోపం ఎందుకు? ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. మీ షెడ్డుకు అద్దె ఎంత?

వేదాయపాలెం_షైన్:
దానికీ దీనికీ ఏంటి సంబంధం?

చీమకుర్తి_నల్లరాయి:
చెప్పండి సార్. నేనూ వింటాను.

కావలి_అక్క:
మళ్లీ అడుగుతున్నాను. అద్దె ఎంత?

వేదాయపాలెం_షైన్:
నాన్నగారి స్థలం. అద్దె లేదు. అందులో దాచిందేముంది? ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

కావలి_అక్క:
నెలకు 60,000 మిగులుతుందని వీడియోలో చెప్పారు. అందులోంచి నా తమ్ముడి 18,000 తీసేయండి. వానల మూడు నెలలు కూడా తీసేయండి. అప్పుడెంత మిగులుతుందో మీరే చెప్పండి. మీరు నేర్పడం మీద నాకు కోపం లేదు. పని బాగానే నేర్పారు, ఆ షోరూమ్ వాళ్లు వాడి పాలిష్ చూసే తీసుకున్నారు. మీ కాళ్ల కింద నేల ఉంది. లేనివాడిని కూడా అదే మాటతో దూకమంటున్నారు. నా కోపం దానిమీద.

ఇందుకూరుపేట_ఆక్వా:
అక్క చెప్పింది నిజం. ఇంకొకటి కలుపుకోండి. మా వైపు కోటింగ్ వేయించేది రొయ్యల చెరువులున్న వాళ్లు. రొయ్య రేటు పడితే ముందు ఆగేది కారు ఖర్చే.

బఫింగ్_బాయ్:
నేను ఒక షాపులో పనివాణ్ని, ఊరు చెప్పను. జీతం 11,000. మా ఓనరు ఒక్క కోటింగ్‌కు తీసుకునేది నా నెల జీతం కంటే ఎక్కువ. పొద్దంతా మెషిన్ పట్టేది నేను, చేతులు తిమ్మిరెక్కి రాత్రి అన్నం ముద్ద జారిపోతుంది. ఓనరు వచ్చి కస్టమర్‌తో సెల్ఫీ దిగుతాడు. నల్లరాయి అన్నా, మీ పనివాడు నంబర్లు ఎత్తుకుపోవడం తప్పే. కానీ మీరు నేర్పి, ఎప్పటికీ మీ దగ్గరే ఉండాలనుకుంటే ఎలా? నువ్వూ పెట్టుకోవచ్చు అని నాతో అన్నది ఈ వేదాయపాలెం అన్న ఒక్కడే. ఆ మాట ఎవరూ అనకూడదంటే మేం ఎక్కడికి పోవాలి?

చీమకుర్తి_నల్లరాయి:
ఎక్కడికైనా పొండి. నా రోడ్డులో, నా కస్టమర్లకు ఫోన్ చేసి కాదు. మా వాడికి నేను ఇచ్చింది 11,000 కాదు, 14,000, భోజనం వేరే. మీకు ఓనరు సెల్ఫీ కనిపిస్తుంది. ఈఎంఐ కనిపించదు, పాడైన కారుకు కట్టిన డబ్బు కనిపించదు. ఆ అక్క తమ్ముణ్ని అడుగు, బానెట్ కాలిన రోజు ఓనరుగా ఎలా ఉంటుందో చెబుతాడు.

బఫింగ్_బాయ్:
తెలుసుకోవాలనే పెట్టుకుంటా. కానీ అక్క రాసింది చదివాక హైవే మీద మాత్రం పెట్టను.

వేదాయపాలెం_షైన్:
సరే, లెక్క పెడుతున్నాను, ఎవరు ఏమనుకున్నా సరే. ఇద్దరికీ కలిపి జీతాలు 26,000. కరెంటు 6,000. షాంపూ, ప్యాడ్లు, కోటింగ్ సీసాలు కలిపి 20,000 దాకా. అద్దె సున్నా. మంచి నెలలో 60,000 మిగులుతుంది, నవంబరులో 15,000 కూడా మిగల్లేదు. తమ్ముడూ, నీకు స్థలం లేదంటే ముందు స్కూటీ మీద డీఏ, చిన్న ప్రెషర్ వాషర్ పెట్టుకుని ఇళ్ల దగ్గరికే వెళ్లి చెయ్యి. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ దగ్గర నంబరు ఇచ్చిపెట్టు. కోటింగ్ మాత్రం బయట వద్దు, దుమ్ము అతుక్కుంటుంది, ఒకరోజైనా తడి తగలకూడదు. దానికి ఎవరి షెడ్డయినా రోజు బాడుగకు అడుగు. నాదే వాడుకో.

కావలి_అక్క:
ఈ లెక్క మా వాడు అడిగిన రోజు పెట్టి ఉంటే బాగుండేది.

వేదాయపాలెం_షైన్:
అడిగిన రోజు మీవాడు అడిగింది ఏ పాలిషర్ కొనాలని.

కావలి_అక్క:
వాడికి ఏం అడగాలో తెలిస్తే మిమ్మల్ని అడిగేవాడే కాదు. సరే, ఆ లెక్క ఇక్కడే వదిలెయ్యకండి, వీడియోలో పెట్టండి.

నీళ్ల_లెక్క:
స్కూటీ మీద వెళ్లేవాడు కస్టమర్ ఇంటి నీళ్లు వాడాలి కదా. ఒక్కో ఇంటికీ ఒక్కో బోరు.

బఫింగ్_బాయ్:
సార్, టీడీఎస్ మీటరు కూడా కొంటా. వేదాయపాలెం అన్నా, షెడ్డు రోజు బాడుగ ఎంత తీసుకుంటావో ఇప్పుడే చెప్పు, తర్వాత గొడవ వద్దు.